మోచేతి కింద సున్నా

నీలం బాల్‌పెన్నుతో సిస్టర్ గీసిన సున్నా సుందరి మొగుడు గురువులు మోచేతి కింద కాస్త వంకరగా ఉంది. పాపం ఆవిడకీ పొద్దుటి నుంచి చేతులు పడిపోయి ఉంటాయి, ఈ వార్డులో ఎన్ని చేతులో, ఎన్ని సున్నాలో అనుకుంది సుందరి, అనుకుంటూనే మళ్ళీ దానికేసి చూసింది, చూడమని చెప్పి వెళ్ళారు కదా మరి. సున్నా మధ్యలో, పరీక్ష సూది గుచ్చిన చోట, దోమ కుట్టినంత బొడిపె. చుట్టూ ఎర్రగా పాకినా, దురద పుట్టినా పిలువు, లేకపోతే ఓ అరగంటలో నేనే వచ్చి అసలు మందు ఎక్కిస్తాను అని బంగ్లా భాషలో చెప్పి సిస్టర్ పక్క మంచానికి పోయింది. అరగంట కూర్చోవడమూ ఒక పనేనా, కూర్చోవడానికే కదా పొద్దుటి నుంచి మొహం వాచిపోయి ఉంది. తెల్లారకముందే లేచి, ఈల ఊదుకుంటూ వీధి వీధీ తిరిగి కార్పొరేషన్ బండిలోకి ఇంటింటి చెత్త ఎత్తి, ఆ బండి అప్పగించి వాట్‌గంజ్ ఇంటికి పరిగెత్తి, మంచం మీద మూలుగుతున్న మొగుణ్ణి ఆటోలో వేసుకుని, ఒక వరసలో నిలబడితే ఇది కాదు ఆ వరస అని, ఆ వరసలో నిలబడితే భోజనాల వేళ అయింది తరవాత రా అని, మొత్తానికి ఈ మంచం దొరికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కూర్చున్న స్టూలుకి ఒక కాలు పొట్టి. కునుకు పడితే పక్కకి ఒరుగుతుంది, ఒరిగితే మెలకువ వస్తుంది, కాపలా కూర్చునేవాళ్ళ కోసమే చేయించినట్టున్నాడు మహానుభావుడెవడో.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, అడుసు తొక్కడమే జీతమైన మనిషికి ఆ సామెత చెప్పి ఏం లాభం. మొన్నటి వానకి రోడ్లు నిండిపోతే మ్యాన్‌హోల్ దగ్గర నడుముల్లోతు నీళ్ళలో దిగాడు గురువులు, అడుగున ఏ సీసా పెంకో పిక్క మీద గీరింది. వచ్చి పసుపు అద్దుకున్నాడు. డాక్టరు దగ్గరికి పద మావా అంటే పోతాదిలేయే అన్నాడు, మర్నాడు పద అంటే కసిరాడు, ఆ మర్నాడు కసరడానికి కూడా ఓపిక లేక పడుకున్నాడు. ఇప్పుడా పిక్క వాచి, నున్నగా మెరుస్తూ, ఎరుపు మోకాలి దాకా ఎక్కింది. చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతోంది. డాక్టరు కుర్రవాడే, కళ్ళ కింద నలుపు, అతను పడుకుని ఎన్నాళ్ళయిందో. కాలు చూసి, విషం పైకి పోతోంది, ఇక ఆలస్యం చెయ్యకూడదు, పెనిసిలిన్ ఇంజక్షన్ ఇస్తాం, పాత మందు, దీనికి బాగా పని చేస్తుంది అన్నాడు. అని అడిగాడు, ఇతనికి ఇంతకు ముందు ఏ మందైనా పడకపోవడం ఉందా, ఒంటి మీద దద్దుర్లు, దురద, ఆయాసం? గురువులు కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఒళ్ళు తెలిస్తే కదా జవాబు చెప్పడానికి. లేదు డాక్టర్‌బాబూ అంది సుందరి. సిస్టర్ మళ్ళీ అదే అడిగితే మళ్ళీ లేదు అంది. ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఈ మనిషి మందు మింగిన పాపాన పోతే కదా పడటం, పడకపోవడం.

ఎక్కడో రేవులో ఓడ కూసింది. కిటికీ అద్దం సన్నగా అదిరింది. పెళ్ళయి శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో ఆ కూత వింటే గుండె జారిపోయేది సుందరికి, చీకట్లో ఏ జంతువో అరిచినట్టు, లేచి కూర్చునేది, అప్పుడు గురువులు నిద్దట్లోనే ఆమె చెయ్యి పట్టుకుని, పడుకోయే, ఓడది, దారి అడుగుతంది అనేవాడు. దారి అడుగుతంది. ఎంత బాగా చెప్పాడో ఆ మాట, పగలంతా మురిక్కాలవలో మునిగి వచ్చే మనిషి. తరవాత తరవాత ఆ మాట అనడం మానేశాడు, ఆమే భయపడటం మానేసింది. ఇప్పుడు అడిగితే బాగుణ్ణు, ఏటి మావా ఆ కూత అని, నిద్దట్లోంచైనా పలికితే బాగుణ్ణు. పలకడు. నోరు తెరుచుకుని, ఎండిన పెదాలతో, బుసలు కొడుతూ నిద్రపోతున్నాడు. పక్క మంచం ముసలాయనకి కోడలు కాబోలు మరమరాలు తెచ్చింది, ఆవనూనె, పచ్చిమిరపకాయ కలిపిన వాసన ఫినాయిలు వాసన మీదుగా వచ్చి సుందరి ముక్కుకి తగిలింది, పొద్దుటి నుంచి తనేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. సున్నా చూసింది. బొడిపె తగ్గుతోంది. ఎరుపు లేదు. అమ్మయ్య.

ఫోను మోగింది, అత్త జగ్గమ్మ.

“సుందరీ, ఏటే, సూది ఏసీసినారా?”

“ఇంకా లేదత్తా. ముందల పరీచ్చ సూది ఏసినారు. సూస్తన్నాను.”

“ఏటి సూసీది? ఆడికేటీ అవదు. అమ్మోరు ఒకపాలి ముట్టుకున్న ఒళ్ళు ఆడిది. మరి ఏ మాయదారి జబ్బూ అంటదు. నాను మొక్కుకున్నాను. నువ్వు అన్నం తిన్నావేటి?”

“ఆ, తిన్నాను.”

ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తిన్నాను అని ఎంత సులువుగా వచ్చింది. అలిసిపోయిన నోటికి అబద్ధమైనా నిజమైనా ఒకటే బరువు, ఏది పొట్టిగా ఉంటే అది వచ్చేస్తుంది. అమ్మోరు ముట్టుకున్న ఒళ్ళు. ఏడాదికోసారి వినే మాటే, చలివిడీ పానకమూ పట్టుకుని నూకాలమ్మ గుడికి పోయినప్పుడల్లా అత్త ఆ మాట అంటుంది, బస్తీలో కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది, మావోడికి తల్లి పోసి, రెండు రోజులకే సల్లబడి ఎల్లిపోనాది, అంత దయ అని. నిజంగా రెండు రోజులే. వేపమండలు గుమ్మానికి కట్టారు, కట్టిన మండలు వాడకముందే తీసేశారు. పోపు పెట్టకూడదు, తల దువ్వకూడదు, ఇల్లు చిమ్మకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. కొత్త కోడలు, సుందరికి ఆ రెండు రోజులూ భయంతో పాటు, ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గు గానీ, కాస్త విశ్రాంతిగా కూడా ఉండింది. తల్లి ఇంట్లో ఉండగా పని చెయ్యకూడదు. ఒళ్ళంతా దద్దుర్లేసుకుని గురువులు చాప మీద. దద్దుర్లు. బెత్తంతో కొట్టినట్టు తేలాయి. పొట్ట మీద మొదలై, వీపు మీదికి, మెడ మీదికి, కళ్ళు పూడుకుపోయాయి, పెదాలు వాచి మనిషి మనిషిలా లేడు. గొంతులోంచి ఈల. తను పొద్దున్నే ఊదే ఈలలో ఉమ్ము పడితే ఎలా మోగుతుందో అలా, సన్నగా, లోపలికీ బయటికీ. ఆ చప్పుడుకి అప్పుడు పోలిక తెలియలేదు, ఈల ఉద్యోగం అప్పటికి రాలేదు కదా.

అమ్మోరు పోస్తే పెదాలు వాస్తాయేటి అత్తా? అని అడిగింది. ఆ, అడిగింది, మరిచేపోయింది, అడిగింది తనే. నోరు ముయ్యి, తల్లి ఎలా వస్తాదో తల్లి ఇష్టం అని జగ్గమ్మ చెంపలేసుకుంది, సుందరి చేత కూడా వేయించింది. మూసిన నోరు ఇన్నేళ్ళూ మూసే ఉంది.

అసలు ఆ రోజు ఇంట్లో ఎందుకున్నాడు గురువులు? పనికి ఎందుకు పోలేదు? పంటి నొప్పి. అవును, దవడ వాచింది, ముందు రోజు సాయంత్రం సుందరే మూల మీది మందుల కొట్టుకి వెళ్ళి, వచ్చీ రాని బంగ్లాలో పన్ను చూపించి, దాదా అని బతిమాలితే కొట్టువాడు సగం ఎరుపు, సగం పసుపు గొట్టం మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. రాత్రి ఒకటి మింగాడు. పొద్దున్న టీ తాగి ఇంకోటి మింగాడు. టీ గ్లాసు ఇంకా కడగలేదు, పొట్ట గోక్కోవడం మొదలెట్టాడు. గ్లాసు కడగలేదు, అది బాగా గుర్తుంది, ఎందుకంటే తల్లి వచ్చిన ఇంట్లో ఎంగిలి గ్లాసేటి అని అత్త తిట్టింది. తిట్టి, ఆ మాత్రల అట్ట చూసి, అమ్మోరు ఇంట్లో ఉండగా మందేటే, కళ్ళు పోతాయి అని మిగిలినవన్నీ పట్టుకెళ్ళి కాలవలో పారేసింది. తరవాత రెండు రోజులకి తల్లి చల్లబడింది. మాత్రలు పోయాయి, తల్లి పోయింది. ముందు మాత్ర, వెనక తల్లి. ముందు ఏది, వెనక ఏది అని ఇన్నేళ్ళలో ఒక్కసారి అనుకోలేదు. ఎందుకనుకుంటుంది, ఇది జబ్బుల లెక్కలోకి వచ్చేది కాదు. తల్లి రావడాన్ని జబ్బు అనకూడదు, అంటే తప్పు. అందుకే డాక్టరు అడిగినప్పుడు దద్దుర్లన్న మాట చెవిన పడినా ఆ చాపా ఆ వేపమండా గుర్తు రాలేదు. జబ్బులు ఒక గదిలో, తల్లి ఇంకో గదిలో, మధ్య గోడ.

సుందరి లేచింది. నిద్ర మత్తు ఎటు పోయిందో. తడి తువ్వాలుతో గురువులు మొహం తుడిచింది, తుడుస్తున్నట్టే వేళ్ళతో వెతికింది, నుదురు, కణతలు, ముక్కు పక్క, మాసిన గెడ్డం కింద చెంపలు. తన తమ్ముడు అప్పన్నకి చిన్నప్పుడు తల్లి పోసింది. ముక్కు మీద ఒక గుంట, నుదుటి మీద రెండు, ఇప్పటికీ పిల్లలు ఏడిపిస్తారు. వాడివి నీళ్ళ పొక్కులు, చిదిపితే చెమ్మ వచ్చేవి, ఒళ్ళు పెనంలా కాలింది, వాడి పక్కన పడుకున్న చెల్లికీ అంటుకుంది. గురువులుకి జ్వరం లేదు. పొక్కుల్లేవు, నీళ్ళు లేవు. పక్కన పడుకున్న సుందరికీ రాలేదు, చిన్నప్పుడు అప్పన్నని ముట్టుకోనివ్వలేదు గనక తనకి అప్పుడూ రానేలేదు. చొక్కా బొత్తాలు విప్పి పొట్ట చూసింది, ఛాతీ చూసింది, పక్క మంచం కోడలు తల తిప్పుకుంది. పుట్టుమచ్చ ఒకటి, గునపం తగిలిన పాత గాటు ఒకటి. అంతే. మొహమూ ఒళ్ళూ నున్నగా, తల్లి ఎప్పుడూ అడుగు పెట్టని ఒళ్ళు. సుందరికి భయం వేసింది. స్టూలు మీద కూలబడితే అది పొట్టి కాలు మీదికి టక్కుమని ఒరిగింది.

సున్నా చూసింది. ఎరుపు లేదు, బొడిపె కూడా దాదాపు పోయింది. మరి? మందు పడకపోతే ఆ సున్నాలో తెలియాలి కదా. తెలియడానికే కదా గీశారు. చదువుకున్న వాళ్ళు పెట్టిన పరీక్ష బాగానే ఉంది అంటుంటే, ఎప్పటిదో ఎంగిలి గ్లాసు గుర్తొచ్చిందని అడ్డుపడితే నవ్వరా? నవ్వితే నవ్వారు, అయితే ఈ మందు వద్దు అని పడేసి, వేరే మందు లేదు పో అంటే? ఎరుపు మోకాలు దాటుతోంది. గార్డెన్ రీచ్ వైపు కాలవల గ్యాంగులో ఒకతనికి ఇలాగే కాలు తీసేశారు, గురువులే చూడ్డానికి వెళ్ళొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు. కాలు లేనివాడికి మ్యాన్‌హోల్ లేదు, మ్యాన్‌హోల్ లేకపోతే ఇల్లు లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. చెబితే కాలు, చెప్పకపోతే ఊపిరి, ఆ ఈల. ఇంటికి వెళ్ళి అత్తతో ఏమని చెప్పాలి, నీ కొడుకు మీదికి తల్లి రాలేదు, నేను కొనుక్కొచ్చిన మాత్ర వచ్చింది అనా? ఇన్నేళ్ళ చలివిడీ పానకమూ ఎవరికి పెట్టినట్టు? తలంతా నొప్పి. ఇంత ఆలోచన ఈ అలసట మీద ఎక్కడ పెట్టుకోవాలి. కూర్చుని ఉంటే చాలు, ఏమీ అనకుండా కూర్చుని ఉంటే చాలు, ఆవిడ వస్తుంది, సున్నా చూస్తుంది, ఆవిడ పని ఆవిడ చేసుకుపోతుంది. బహుశా ఏమీ కాదు. బహుశా.

మాత్రలు కాలవలో పారేసింది ఎవరు? అత్త. అత్త చేత పారేయించింది ఎవరు? తల్లే అనుకో. మూడో మాత్ర మింగితే ఏమయ్యేవాడో. అయితే తల్లి వచ్చింది అన్నది అబద్ధం కాదు. వచ్చింది, వచ్చి చెప్పవలసింది చెప్పి పోయింది, వినవలసిన వాళ్ళు పానకం పోసి ఊరుకున్నారు. అమ్మా, అనుకుంది సుందరి, తప్పు తప్పు, చెంపలు వేసుకోవడానికి చెయ్యి లేవలేదు.

సిస్టర్ వచ్చింది. చేతిలో ట్రే, పొడి కలిపిన మందు సిరంజిలో సిద్ధంగా ఉంది. గురువులు చెయ్యి వెలుతురుకి తిప్పి, సున్నా మీద వేలితో నిమిరి, “బాగుంది, ఏమీ లేదు” అంది. సెలైన్ గొట్టానికి ఉన్న మూత విప్పింది. సుందరి లేచింది. మింగలేక కక్కలేక ఒక్క క్షణం ఆ సిరంజి మొన చూస్తూ నిలబడింది, తరవాత సిస్టర్ మణికట్టు పట్టేసుకుంది.

“దిది, దాఁడాన్. ఆగండి.”

సిస్టర్ ఉలిక్కిపడింది. “చెయ్యి వదులు బౌది! ఏమిటిది?” కోపంలోనూ వదినా అనే పిలిచింది.

“ఇందాకల లేదన్నాను. ఉంది.” బంగ్లా తడబడింది, ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న బంగ్లా కొత్త కోడలి బంగ్లా అయిపోయింది. “పంటికి ఎరుపూ పసుపూ గొట్టం మాత్ర వేసుకున్నాడు. ఒళ్ళంతా తేలింది. మేమంతా మాయేర్ దయా అనుకున్నాం.”

తల్లి దయ. ఆ మాట బెంగాలీ వాళ్ళదీ. సిస్టర్‌కి విప్పి చెప్పనక్కర్లేకపోయింది. మొహంలో విసుగు పోయి ఇంకేదో వచ్చింది. “మాత్ర వేసుకున్న ఎంతసేపటికి?”

“టీ గ్లాసు కడగలేదు, అప్పటికే.”

“పెదాలు వాచాయా? ఊపిరి?”

“వాచాయి. గొంతులో ఈల.”

సిస్టర్ గొట్టం మూత బిగించింది. సిరంజికి తొడుగు వేసి ట్రేలో పక్కకి పెట్టింది. “ఇది ముందే చెప్పి ఉంటే ఆ చిన్న సూది కూడా వేసేదాన్ని కాదు. సున్నా శుభ్రంగా ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు బౌది, మనిషికి ఇదివరకు జరిగింది దానికంటే పెద్దది” అంది, తిట్టినట్టు కాదు, తనకి తను చెప్పుకున్నట్టు. డాక్టరు కోసం మనిషిని పంపి, తను మాత్రం కదలకుండా గురువులు ఛాతీ లేచి పడటం చూస్తూ అక్కడే నిలబడింది.

డాక్టరు వచ్చాడు, మళ్ళీ అవే అడిగాడు, సుందరి మళ్ళీ అవే చెప్పింది. ఎవరూ నవ్వలేదు. పంటికి ఇచ్చే ఆ గొట్టం మాత్ర పెనిసిలిన్ కుటుంబానిదే, వేరే జాతి మందు ఉంది, ఆ కుటుంబానికి చుట్టం కాదు, అది ఇస్తాం అన్నాడు. ఉందా? అంది సుందరి. ఉంది అన్నాడు. అంత పొట్టి మాట. దాని కోసం కాలూ ఇల్లూ ఊపిరీ అన్నీ తూకం వేసుకుని కూర్చుంది తను. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక కావాలి గనక రెండు చుక్కలతో సరిపెట్టుకుంది. కొత్త మందు బొట్టు బొట్టుగా దిగడం మొదలైంది. ఇకమీదట ఎక్కడికి పోయినా ఈ సంగతి చెప్పాలి, పంటి డాక్టరుకైనా, మందుల కొట్టులోనైనా, నువ్వు లేకపోయినా అతను చెప్పుకోగలగాలి అని సిస్టర్ మరీ మరీ చెప్పి వెళ్ళింది.

గురువులు కళ్ళు తెరిచాడు, ఎండ కిటికీ దిగిపోతున్న వేళకి.

“ఏటే, సూది ఏసీసినారా?”

“ఏసినారు. వేరే సూది. మావా, ఒక మాట సెప్తాను, నేర్సుకో. పెనిసిలిన్ ఆమార్ చొలే నా. అను.”

“ఏటిది?”

“ఆ మందు నీకు పడదు. అప్పుడు అమ్మోరు కాదు, ఆ మాత్ర. అత్తకి నాను సెప్పుకుంటాను. ఎవులు మందు ఇచ్చినా ముందల ఈ మాట సెప్పు. అను.”

గురువులు ఆమె మొహంలోకి చూశాడు. నవ్వబోయాడు, పెదాలు పగిలి సాగలేదు. “నానెందుకే, నువ్వుంటావు కదా సెప్పడానికి.”

“నాను లేనప్పుడు?”

నవ్వు ఆగిపోయింది. రేవులో ఓడ మళ్ళీ కూసింది, అద్దం అదిరింది. గురువులు అటు చెవి ఒగ్గాడు. ఎండిన నాలుకతో పెదాలు తడుపుకుని, “పెనిసిలిన్ ఆమార్ చొలే నా” అన్నాడు.

“మల్లీ.”

అన్నాడు. సుందరి తల మంచం అంచు మీద పెట్టుకుంది, సున్నా గీసిన చెయ్యి పక్కన, ఒక్క నిమిషం, ఒక్క నిమిషమే. స్టూలు ఒరిగింది, ఒరగనీ. మల్లీ అందామనుకుంది, నిద్రకి నోరు కదల్లేదు. ఆమె అడక్కుండానే, ఆ మాట ఇంకోసారి వినిపించింది, ఆ తరవాత ఇంకోసారి, ఇంకా నెమ్మదిగా, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా తప్పు పోకుండా, ఎక్కడో దూరం నుంచి.